కదిలే అంచుకి ఒక్క క్లిక్ చాలదు

"మెష్ నేర్చుకో, మిగతాది సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది." అమీర్‌పేటలో ఫైనైట్ ఎలిమెంట్ కోర్సులో చేరినవాడు తొలివారంలోనే వినే మాట ఇది. మైత్రీవనం నుంచి ఆదిత్య ఎన్‌క్లేవ్ దాకా, ఒకప్పటి సత్యం థియేటర్ సందుల్లో, మెట్ల మలుపుల్లో, పై అంతస్తుల కిటికీలకి తగిలించిన బోర్డుల మీద జావా, క్లౌడ్, డేటా సైన్సుల పక్కన ఆన్సిస్, హైపర్‌మెష్, ఎల్ఎస్-డైనా పేర్లు కూడా కనిపిస్తాయి. పట్టా పుచ్చుకున్నా కొలువు దొరకని మెకానికల్ కుర్రాడికి ఆ బోర్డు ఒక దారి చూపిస్తుంది. ఆ దారిని వెక్కిరించే ఉద్దేశం నాకు లేదు. కాలేజీ నాలుగేళ్లలో తెరిచి చూపించని సాఫ్ట్‌వేర్‌ని నెలా నెలన్నరలో చేతికి అలవాటు చేసే చోటు అది. నా గొడవంతా అక్కడ పాఠంగా చెలామణి అవుతున్న ఒక నమ్మకంతోనే.

ఆ నమ్మకాన్ని పూర్తిగా విప్పితే ఇలా ఉంటుంది. విద్య అంతా మెష్‌లో, అంటే వస్తువుని చిన్న ఎలిమెంట్లుగా విడగొట్టడంలో ఉంది. బౌండరీ కండిషన్ అంటే పట్టుకోవాల్సిన నోడ్లని పట్టుకోవడం, కదపాల్సిన నోడ్లని కదపడం, 'సాల్వ్' కొట్టడం. అనుమానం వస్తే ఫిక్స్ చేసెయ్, అది ఎప్పుడూ సేఫ్ సైడే. జవాబు వంకరగా వస్తే టైమ్ స్టెప్ తగ్గించు. ఇది అమీర్‌పేట సొంత సరుకేమీ కాదు. పంజాగుట్ట నుంచి మాదాపూర్ దాకా డిజైన్ ఆఫీసుల్లో, రివ్యూ మీటింగుల్లో ఇదే మాట కాస్త ఇంగ్లీషు ఎక్కువ కలుపుకుని వినిపిస్తుంది. స్థిర భారాల లెక్కలో ఈ నమ్మకంతో చాలా దూరం బండి లాగొచ్చు. కాలంతో మారే లెక్కలో, అంటే ట్రాన్సియెంట్ విశ్లేషణలో, అంచుల గురించి ఈ నమ్మకం చెప్పే మాట ఒక్కటీ నిలబడదు.

ముందు ఇది ఎక్కడ పుట్టిందో చూద్దాం. జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ విద్యార్థులు ఫైనైట్ ఎలిమెంట్ మెథడ్ (ఎఫ్ఈఎం) అనగానే తిరగేసే పుస్తకాల్లో ఒకటి చంద్రుపట్ల తిరుపతి, అశోక్ బెలెగుండు కలిసి రాసింది. ఏకదిశా సమస్యల అధ్యాయంలో అంచు నిబంధనలు పెట్టే రెండు పద్ధతుల్ని ఆ పుస్తకం చక్కగా విడమరిచి చెబుతుంది. మొదటిది ఎలిమినేషన్. కదలిక ముందే తెలిసిన నోడ్ తాలూకు అడ్డువరుసా నిలువువరుసా కొట్టేసి, దాని ప్రభావాన్ని కుడివైపు భారంలోకి బదలాయిస్తాం. రెండోది పెనాల్టీ. ఆ నోడ్‌కి మహా గట్టి స్ప్రింగ్ ఒకటి తగిలిస్తాం. స్టిఫ్‌నెస్ మ్యాట్రిక్స్‌లోని అతి పెద్ద విలువకి పది వేల రెట్లు తీసుకుంటే చాలని ఆ పుస్తకమే సూచిస్తుంది. పరీక్షలో మార్కులు వచ్చేది ఇక్కడే. డైనమిక్స్ మాత్రం సిలబస్ చివరి యూనిట్‌లో, మెట్ల కడ్డీకి ఐగెన్ విలువలు కట్టడంతో ముగిసిపోతుంది. కాలంలో అడుగు అడుగుగా నడిచే లెక్క దగ్గరికి తరగతి చేరదు. పుస్తకాన్ని తప్పు పట్టే పని లేదు, అది స్టాటిక్స్ గురించి చెప్పాల్సింది స్టాటిక్స్ దగ్గర చెప్పింది. దాన్ని పట్టుకెళ్లి భూకంపానికీ, క్రాష్ టెస్టుకీ, రైలు కింద కంపించే దూలానికీ అంటించింది మనం.

స్టాటిక్స్‌లో ఒక ఆధారం 10 మిల్లీమీటర్లు కుంగిందంటే, ఆ 10 అనే సంఖ్యతో పని అయిపోతుంది. నిన్న కుంగిందా, నెల రోజులుగా మెల్లగా కుంగిందా అని సమీకరణం అడగదు. ట్రాన్సియెంట్ లెక్క అడుగుతుంది. అక్కడ సమీకరణంలో స్టిఫ్‌నెస్ పక్కన ద్రవ్యరాశి, డ్యాంపింగ్ కూడా కూర్చుని ఉంటాయి. తెలిసిన కదలికని కుడివైపుకి బదలాయించేటప్పుడు స్టిఫ్‌నెస్ నిలువువరుసని స్థానభ్రంశంతో గుణించి ఊరుకుంటే సరిపోదు. డ్యాంపింగ్ నిలువువరుసని ఆ అంచు వేగంతోనూ, ద్రవ్యరాశి నిలువువరుసని ఆ అంచు త్వరణంతోనూ గుణించి పంపాలి. కన్సిస్టెంట్ మాస్ వాడినప్పుడు అంచు నోడ్‌కీ పక్క నోడ్‌కీ మధ్య ద్రవ్యరాశి పదం సున్నా కాదు. దాన్ని మరిచిపోతే అంచు పక్కనున్న ఎలిమెంట్లకి అందాల్సిన బలంలో కొంత గాల్లో కలిసిపోతుంది. సొంతంగా కోడ్ రాసుకునే ఎంటెక్ విద్యార్థుల ప్రాజెక్టుల్లో ఇది అతి సాధారణమైన పొరపాటు. వాణిజ్య సాఫ్ట్‌వేర్లు ఇంత పొరపాటు చెయ్యవు, నిజమే. వాటికి మనం ఇచ్చే కదలిక పట్టికలో మాత్రం వేగమూ త్వరణమూ దాగి ఉంటాయి. పట్టిక రాసినవాడు వాటిని చూడలేదు కాబట్టి అవి లేకుండా పోవు.

ఇది మాటల్లో చెబితే ఎవరూ నమ్మరు, కాబట్టి చేత్తో ఒక లెక్క చేద్దాం. కాగితం, పెన్ను చాలు. ఒక అంచుని 0.1 సెకనులో 10 మిల్లీమీటర్లు కదపాలి. అందరూ చేసేదే చేద్దాం. పట్టికలో రెండు గళ్లు: సున్నా సెకనుకి సున్నా, 0.1 సెకనుకి 10. మధ్యలో సరళరేఖ. అంటే అంచు సెకనుకి 0.1 మీటరు చొప్పున ఒకే వేగంతో పోతుంది. మొదటి క్షణంలో వస్తువంతా నిశ్చలంగా ఉంది, వేగం సున్నా. ఇప్పుడు 1959లో న్యూమార్క్ ఇచ్చిన సూత్రాల్లో అందరూ నమ్మే సగటు త్వరణ పద్ధతిని తీసుకుందాం. ఏ టైమ్ స్టెప్‌కైనా స్థిరంగా ఉంటుందని పేరున్నది అదే. స్టెప్ 0.001 సెకను.

మొదటి అడుగులో అంచు 0.1 మిల్లీమీటరు కదలాలి. ఆ కదలికకి తగ్గ త్వరణం ఎంతని సూత్రాన్ని అడిగితే, సెకనుకి సెకనుకి 400 మీటర్లు అంటుంది. గురుత్వానికి నలభై రెట్లు. ఆ త్వరణంతో అడుగు చివరికి వేగం 0.2 అవుతుంది, మనం అనుకున్నదానికి రెట్టింపు. రెండో అడుగులో కూడా కదలిక 0.1 మిల్లీమీటరే ఉండాలి కాబట్టి, ఎక్కువైన వేగాన్ని వెనక్కి లాగడానికి సూత్రం మైనస్ 800 ఇస్తుంది. వేగం సున్నాకి పడిపోతుంది. మూడో అడుగులో 1200. నాలుగో అడుగులో మైనస్ 1600. పదో అడుగుకి 4000 దాటే దారిలో నిలబడి ఉంటుంది. వేగం మాత్రం సున్నా, 0.2, సున్నా, 0.2 అంటూ ఊగుతూనే ఉంటుంది. ఇంత జరుగుతున్నా ప్రతి అడుగులోనూ స్థానభ్రంశం తు.చ. తప్పకుండా మనం చెప్పినంతే ఉంటుంది. స్క్రీన్ మీద యానిమేషన్ నడిపితే అంచు నున్నగా కదులుతుంది. రియాక్షన్ బలం గ్రాఫ్ తీసినవాడికే రంపపు పళ్లు కనబడతాయి.

సాఫ్ట్‌వేర్లన్నీ అంచు త్వరణాన్ని ఇలాగే కడతాయని నేననడం లేదు. పట్టికని నేరుగా అవకలనం చేసేవి ఉన్నాయి, సంఖ్యాత్మక డ్యాంపింగ్ ముందే పెట్టుకుని వచ్చేవి ఉన్నాయి. మూలంలోని రోగం మాత్రం అన్నిట్లోనూ ఒక్కటే. సరళరేఖ మొదట్లో వేగం సున్నా నుంచి 0.1కి ఎగిరింది. ఆ ఎగురుడికి పట్టిన కాలం సున్నా. దాని త్వరణం అనంతం. అనంతాన్ని అడిగితే యంత్రం తన టైమ్ స్టెప్ ఎంత ఇస్తే అంత పెద్ద సంఖ్య చూపిస్తుంది.

ఇక్కడే ఆ పాఠంలోని చివరి వాక్యం, 'వంకరగా వస్తే టైమ్ స్టెప్ తగ్గించు' అన్నది, నిలువునా కూలుతుంది. పై లెక్కలో స్టెప్ సగం చేస్తే మొదటి త్వరణం 400 నుంచి 800కి పెరుగుతుంది. పదో వంతు చేస్తే 4000. మందు ఎంత వేస్తే రోగం అంత ముదురుతుంది. "సార్, స్టెప్ తగ్గించినా స్ట్రెస్ పెరుగుతూనే ఉంది" అని విద్యార్థి అడిగితే, "మెష్ ఫైన్ చెయ్యి" అనే జవాబు వస్తుంది. మెష్ ఫైన్ చేస్తే ఆ దెబ్బ ఇంకా చిన్న ఎలిమెంట్‌లో ఇంకా పదునుగా కనిపిస్తుంది. ఆ కుర్రాడు మూడు రాత్రులు రన్లు పెట్టి, చివరికి గ్రాఫ్‌కి ఒక ఫిల్టర్ కొట్టి, నున్నగా వచ్చిన గీతని రిపోర్టులో అతికిస్తాడు. 'అన్‌కండిషనల్లీ స్టేబుల్' అన్న మాటని తావీదులా కట్టుకున్నవాళ్లు ఒక సంగతి గమనించాలి. ఆ హామీ లెక్క తేలాల్సిన స్వేచ్ఛా నోడ్లకి ఇచ్చింది. మనం చేత్తో తోసే నోడ్‌కి ఎవరూ ఏ హామీ ఇవ్వలేదు.

మరి దారి? అదే 10 మిల్లీమీటర్లని అదే 0.1 సెకనులో, మొదట్లోనూ చివర్లోనూ వేగం, త్వరణం రెండూ సున్నా అయ్యే అయిదో ఘాతపు బహుపదితో కదపండి. చాలా సాఫ్ట్‌వేర్లలో 'స్మూత్ స్టెప్' అన్న పేరుతో ఇది సిద్ధంగా ఉంటుంది. అత్యధిక వేగం సగటుకి 1.875 రెట్లు, అంటే సెకనుకి 0.1875 మీటరు. అత్యధిక త్వరణం సెకనుకి సెకనుకి 5.8 మీటర్లు, గురుత్వంలో ఆరు పదో వంతులు. స్టెప్ ఎంత తగ్గించినా ఈ సంఖ్య మారదు. 5.8కీ 4000కీ మధ్య ఉన్న తేడా మెష్‌లోంచి వచ్చింది కాదు, పట్టికలో రెండు గళ్ల మధ్య గీసిన గీతలోంచి వచ్చింది. ఎల్ఎస్-డైనాలో కదలిక నిర్దేశించే కార్డు తెరిస్తే, ఇస్తున్న గీత స్థానభ్రంశమా, వేగమా, త్వరణమా అని అది అడుగుతుంది. ఆ ప్రశ్నని చాలామంది డీఫాల్ట్‌కి వదిలేస్తారు. డీఫాల్ట్ వేగం. మిల్లీమీటర్ల పట్టిక వేగం కింద జమైపోయిన మోడళ్లు ఈ ఊళ్లో ఎన్ని రిపోర్టులుగా మారాయో తలుచుకుంటే కాస్త గుబులుగానే ఉంటుంది.

పెనాల్టీ సంగతి తొందరగా తేల్చేద్దాం. పది వేల రెట్ల స్ప్రింగ్ స్టాటిక్స్‌లో నిరపాయం. ఎక్స్‌ప్లిసిట్ లెక్కలో స్టెప్ పరిమితిని మోడల్లోని అతి పెద్ద పౌనఃపున్యం నిర్ణయిస్తుంది. 5 మిల్లీమీటర్ల స్టీలు ఎలిమెంట్‌కి ఆ పరిమితి దాదాపు ఒక మైక్రోసెకను. 0.1 సెకను ఘటనకి లక్ష అడుగులు. పది వేల రెట్ల స్ప్రింగ్ తగిలిస్తే పౌనఃపున్యం వంద రెట్లు పెరుగుతుంది, అడుగులు కోటి అవుతాయి. ఇంప్లిసిట్ లెక్కలో స్టెప్ తగ్గదు కానీ, ఆ నకిలీ పౌనఃపున్యం అడుగడుగునా గుర్తు మార్చుకుంటూ చావకుండా మోగుతూ ఉంటుంది. దాన్ని అణచడానికే 1977లో హిల్బర్, హ్యూస్, టేలర్ తమ ఆల్ఫా పద్ధతిలో పై పౌనఃపున్యాలకి మాత్రం పట్టే డ్యాంపింగ్‌ని చేర్చారు. అది ఉందని తెలియక, తెలిసినా ఆల్ఫా విలువ సున్నాకి పెట్టుకుని, 'కచ్చితత్వం కోసం' అని చెప్పుకునేవాళ్లు ఉన్నారు.

ఇక అన్నిటికంటే గౌరవంగా బతుకుతున్న అబద్ధం: ఫిక్స్ చేస్తే సేఫ్ సైడ్. రివ్యూ మీటింగ్‌లో ఎవరైనా ఆధారం గురించి ప్రశ్న లేపితే, "కన్జర్వేటివ్‌గా ఫిక్స్ చేశాం" అన్న ఒక్క మాటతో నోరు మూయిస్తారు. పై దూలం తిరగకుండా పట్టిన ఒక పోర్టల్ ఫ్రేమ్‌ని తీసుకోండి. స్తంభాల అడుగు కీలులా తిరగగలిగితే ఉండే పార్శ్వ దృఢత్వానికి, అడుగు బిగించేస్తే నాలుగు రెట్లు వస్తుంది. ఊగే కాలం సగమవుతుంది. కీలు ఉన్నప్పుడు ఒక సెకను అయితే, బిగిస్తే అర సెకను. 2016 నాటి భూకంప కోడ్ ఐఎస్ 1893 ప్రకారం రాతినేల మీద 0.4 సెకను దాటాక స్పెక్ట్రం కాలానికి విలోమంగా తగ్గుతుంది. బిగించిన ఫ్రేమ్‌కి త్వరణం రెట్టింపు పడుతుంది. చూశారా సేఫ్ సైడే, అని చప్పట్లు. అదే లెక్కలో స్థానభ్రంశం కట్టండి. త్వరణాన్ని కాలం వర్గంతో గుణించాలి కాబట్టి బిగించిన ఫ్రేమ్ సగమే కదులుతుంది. బలానికి మీరు జాగ్రత్తపడ్డారు, కదలికని సగానికి తక్కువ చేసి చూపించారు. వంతెన స్పాన్ ఆధారం మీంచి జారేది కదలిక వల్ల. పక్కపక్క భవనాలు ఢీకొనేదీ కదలిక వల్లే.

అమీర్‌పేట చౌరస్తాలో తలెత్తితే సరిపోతుంది, ఉదాహరణ నెత్తిమీదే ఉంది. మియాపూర్-ఎల్బీనగర్ లైనూ, నాగోల్-రాయదుర్గ్ లైనూ ఒకదాని మీద ఒకటి దాటే స్టేషన్ అది. 2017 నవంబర్‌లో మెట్రో మొదలైన నాటి నుంచి ఎన్ని ఎంటెక్ ప్రాజెక్టులకి ఆ వయాడక్ట్ వస్తువైందో లెక్క లేదు. వాటిలో మామూలుగా జరిగేది ఒక స్పాన్ గీసి, రెండు చివరి ముఖాలనీ ఫిక్స్‌డ్ సపోర్ట్ చేసి, మీద రైలు బరువు నడిపించడం. నిజంగా ఆ దూలం బేరింగుల మీద కూర్చుంటుంది. ఎండకి సాగడానికి ఒక చివర వదులుగా ఉండాలి కదా. రెండు చివర్లూ బిగించిన దూలం మొదటి పౌనఃపున్యం, ఊరికే ఆనించిన దూలం కంటే 2.27 రెట్లు. సమంగా పరిచిన భారానికి వంగుడు అయిదో వంతు. రైలు చక్రాల తాకిడి ఏ వేగం దగ్గర దూలం పౌనఃపున్యంతో కలుస్తుందో కనుక్కోవడమే ఆ విశ్లేషణ ప్రయోజనం. అంచు ఇలా బిగిస్తే ఆ కలయిక రైలు ఎప్పటికీ అందుకోలేని వేగానికి జరిగిపోతుంది. రిపోర్టులో 'రెజొనెన్స్ లేదు' అని రాస్తారు. లెక్క తప్పు కాదు, వేరే వంతెనకి సరైన లెక్క.

అంచే స్వయంగా కదిలే సందర్భానికి వద్దాం. అంటే భూకంపం. 2024 డిసెంబర్ 4 ఉదయం ములుగు దగ్గర పుట్టిన 5.3 తీవ్రత ప్రకంపన హైదరాబాద్‌లోనూ తెలిసింది. ఆ తర్వాత కొన్నాళ్లు 'టైమ్ హిస్టరీ అనాలిసిస్' అన్న మాటకి గిరాకీ వచ్చింది. క్లాసుల్లో వాడేది మాత్రం 1940 నాటి ఎల్ సెంట్రో రికార్డే. ఫైలు దిగుమతి చెయ్, బేస్‌కి తగిలించు, సాల్వ్. ఇందులో ఎన్ని నిర్ణయాలు ఒక్క క్లిక్కులో కలిసిపోయాయో చూడండి.

త్వరణం రికార్డుని రెండుసార్లు సమాకలనం చేసి స్థానభ్రంశంగా ఇస్తున్నారనుకుందాం. రికార్డులో గురుత్వంలో వెయ్యో వంతు స్థిరమైన పొరపాటు ఉంటే, కంటికి ఆనదు. ముప్పై సెకన్లు అయ్యేసరికి భవనం పునాది 4.4 మీటర్లు పక్కకి జరిగిపోయి ఉంటుంది. ఒకే నేల మీద నిలబడ్డ భవనానికి మోడలంతా కలిసి జరిగింది కాబట్టి స్ట్రెస్ మారదు, ఎవరూ గమనించరు. ఆధారాలకి వేరువేరు కదలికలు ఇచ్చిన పొడవాటి కట్టడంలో, ఒక్కో రికార్డు పొరపాటు ఒక్కోలా ఉంటే, అదే జరుగుడు కట్టడాన్ని కాగితంలా చింపేస్తుంది. బేస్‌లైన్ సవరణ అన్నది అందంకోసం చేసే పని కాదు. (అలాగని ప్రతి దానికీ ఆధారానికో కదలిక ఇవ్వాలన్న అతి ఉత్సాహమూ అక్కర్లేదు. హైదరాబాద్ గ్రానైట్‌లో తరంగం సెకనుకి రెండు వేల మీటర్లపైన పోతుంది. పక్కపక్క మెట్రో పిల్లర్ల మధ్య దూరం దాటడానికి దానికి సెకనులో వందో వంతు పైచిలుకు చాలు.)

నేలని బిగించి, భవనం మీద జడత్వ బలాలు వేసి సాపేక్ష కదలిక కట్టడం ఒక పద్ధతి. నేలనే నిజంగా కదిపి నిరపేక్ష కదలిక కట్టడం మరొకటి. రెండూ ఒకటే జవాబు ఇవ్వాలని పాఠం చెబుతుంది. రేలీ డ్యాంపింగ్‌లో ద్రవ్యరాశికి అనుపాతంలో ఉండే భాగం వాడారంటే ఇవ్వవు. సాపేక్ష పద్ధతిలో ఆ డ్యాంపింగ్ నేలతో పోల్చి కదిలేదాన్నే పట్టుకుంటుంది. నిరపేక్ష పద్ధతిలో నేలతోబాటు హాయిగా పోతున్న భవనాన్ని కూడా, బెల్లం పాకంలోంచి లాగుతున్నట్టు, వెనక్కి పీకుతుంది. డ్యాంపింగ్ సంఖ్య మారలేదు, అంచు నిర్వచనం మారింది, జవాబు మారింది. ఈ తేడాని డ్యాంపింగ్ సమస్య అని రాసి పక్కన పెట్టేస్తారు.

రికార్డు ఎక్కడ తీశారన్నది మరో ప్రశ్న. 1967 డిసెంబర్ 11న మహారాష్ట్రలో కొయ్నా భూకంపం వచ్చింది. డ్యామ్ పైభాగంలో, వెనుక వాలు మారే చోట, పగుళ్లు పడ్డాయి. త్వరణం గురుత్వంలో దాదాపు సగం నమోదైంది. కాంక్రీటు పగుళ్ల లెక్కలకి ప్రపంచమంతా వాడే ఉదాహరణ అది, అబాకస్ సాఫ్ట్‌వేర్ నేర్చుకునేవాడు ఎప్పుడో ఒకప్పుడు దాన్ని రన్ చేస్తాడు. ఆ రికార్డు తీసిన యంత్రం డ్యామ్ లోపలి గ్యాలరీలో ఉంది. అంటే అది డ్యామ్ అడుగు అప్పటికే కదిలిన కదలిక. డ్యామ్‌ని ఒంటరిగా మోడల్ చేసి అడుక్కి దాన్ని తగిలిస్తే అర్థం ఉంది. కింద వంద మీటర్ల రాతినేల కూడా గీసి, ఆ రాతి అడుక్కి అదే రికార్డు తగిలిస్తే, రాతి ప్రభావాన్ని రెండుసార్లు లెక్కించినట్టు. 'ఫౌండేషన్ కూడా మోడల్ చేశాం, మరింత రియలిస్టిక్' అని గొప్పగా చెప్పుకునే థీసిస్‌ల ముందు నేను అడిగే మొదటి ప్రశ్న ఇదే: రికార్డు ఎక్కడిది, తగిలించింది ఎక్కడ?

ఆ రాతి పెట్టె పక్కల్ని ఫిక్స్ చెయ్యడం ఇంకో ఘనకార్యం. నిజమైన నేలలో తరంగం బయటికి వెళ్లిపోతుంది, తిరిగి రాదు. బిగించిన గోడకి తగిలి మోడల్లో అది వెనక్కి వస్తుంది, మళ్లీ వెళ్తుంది, మళ్లీ వస్తుంది. 1969లోనే లైస్మర్, కూలెమేయర్ దీనికి మందు చెప్పారు. సాంద్రత, తరంగ వేగం, వైశాల్యం గుణించిన విలువగల డ్యాష్‌పాట్లు అంచుకి తగిలిస్తే తరంగాన్ని చాలావరకు మింగేస్తాయి. ఈ మందు తెలిసినవాళ్లు కూడా తర్వాతి అడుగులో జారిపడతారు. డ్యాష్‌పాట్లు పెట్టిన అదే నోడ్లకి భూకంప స్థానభ్రంశాన్ని నిర్దేశిస్తారు. కదలిక నిర్దేశించిన నోడ్ ఇంకెవరి మాటా వినదు, డ్యాష్‌పాట్ అక్కడ ఉన్నా లేనట్టే. కిందనుంచి వచ్చే కదలికని అక్కడ బలంగా మార్చి ఇవ్వాలి, పైకెక్కే తరంగంలో నేల కణం కదిలే వేగానికి రెట్టింపు తీసుకుని. ఒకే అంచుని తరంగాన్ని మింగమనీ, చెప్పినట్టు కదలమనీ రెండూ అడగకూడదన్న చిన్న తర్కం ఇది. మెష్ ఎంత అందంగా ఉన్నా ఈ తర్కం దానంతటది పుట్టదు.

అంచు కాలంతో మారడం అంటే కదలడం ఒక్కటే అనుకోకూడదు. ఆధారాలే రావచ్చు, పోవచ్చు. 2007 సెప్టెంబర్ 9న పంజాగుట్టలో కడుతున్న ఫ్లైఓవర్ భాగం కూలి కింద రోడ్డు మీద పడింది. ప్రాణాలు పోయాయి. దాని కారణాల విచారణలోకి నేను వెళ్లడం లేదు. ఈ వ్యాసానికి పనికొచ్చే సంగతి ఒక్కటే తీసుకుంటాను: కడుతున్న వంతెన, పూర్తయిన వంతెన ఒకే ఆధారాల మీద నిలబడవు. డ్రాయింగులో కనిపించే పిల్లరూ బేరింగూ చివరి రోజు సంగతి. అంతకుముందు నెలల తరబడి అది తాత్కాలిక స్టేజింగ్ మీద, జాకీల మీద, ఇంకా కేబుల్ బిగించని స్థితిలో ఉంటుంది. ఆ ఆధారాల అడుగు నేల వానకి మెత్తబడొచ్చు. ఒక జాకీ తీసినప్పుడు భారం పక్కదానికి ఎంతసేపట్లో బదిలీ అవుతుందన్నది కూడా ప్రశ్నే. క్షణంలో తీసేస్తే పక్క ఆధారం మీద పడే అదనపు బలం, మెల్లగా దించినప్పటికి రెట్టింపు దాకా పోతుందని డైనమిక్స్ మొదటి పాఠమే చెబుతుంది. డిజైన్ ఆఫీసులో మాత్రం చివరి రోజు ఆధారాలకి వంద లోడ్ కాంబినేషన్లు కట్టి, నిర్మాణ దశలకి 'కాంట్రాక్టర్ స్కోప్' అని ఒక వాక్యం రాస్తారు. ఒకప్పుడు ఇక్కడ ప్రతిరోజూ మారుతూ వచ్చిన అంచు నిబంధనల మీదుగానే ఇవాళ పంజాగుట్ట దాటే ప్రతి బస్సూ పోతోంది.

అవతలి పక్షం చెప్పే వాటిల్లో గట్టి వాదన ఒకటుంది, దాన్ని దాటవేయను. "ఇవన్నీ పీహెచ్‌డీ కబుర్లు సార్, మా పిల్లాడికి ఉద్యోగం కావాలి. ఇంటర్వ్యూలో మెష్ క్వాలిటీ అడుగుతారు. కంపెనీలో చేరాక అంచులు క్లయింటే పంపిస్తాడు, వీడు మెష్ చేసి రన్ చేసి పంపిస్తే చాలు." ఇందులో మొదటి సగం నిజం. పని పంచుకున్న తీరే అలా ఉంది: అక్కడ ఆలోచన, ఇక్కడ మెషింగ్. అందుకే మెష్ పనికి అంత తక్కువ ధర. ఆటోమేటిక్ మెషింగ్ రోజురోజుకీ మెరుగవుతోంది కాబట్టి ఆ ధర ఇంకా పడుతుంది. గుండీ నొక్కితే రాని భాగం ఏ కట్టడం దేని మీద, ఎలా, ఎప్పుడు ఆనుతుందో నిర్ణయించడం. దాన్నే కోర్సులోంచి తీసేసి, పోయేదాన్ని నేర్పుతున్నాం. ఇక క్లయింట్ పంపిస్తాడన్న రెండో సగం సంగతి. పంపిన పట్టికలో రెండు గళ్ల మధ్య సరళరేఖ ఉందో లేదో చూసి తిరిగి ప్రశ్న అడిగినవాడే అక్కడినుంచి పైకి ఎదుగుతాడు. అడగడం తెలియాలంటే ముందు ఆ రంపపు పళ్లని ఒకసారి తన చేత్తో పుట్టించి చూసి ఉండాలి.

దానికి పీహెచ్‌డీ అవసరం లేదు. ఆన్సిస్ తెరవడానికి ముందు ఎక్సెల్‌లో ఒక ద్రవ్యరాశి, ఒక స్ప్రింగ్, ఒక కదిలే అంచు పెట్టించండి. న్యూమార్క్ సూత్రం మూడు గళ్లలో పడుతుంది. సరళరేఖతో ఒకసారి, స్మూత్ స్టెప్‌తో ఒకసారి నడిపించి, స్టెప్ సగం చేసి మళ్లీ నడిపించి, రియాక్షన్ గ్రాఫ్ గీయమనండి. తర్వాత అదే సమస్యని సాఫ్ట్‌వేర్‌లో చేసి పోల్చమనండి. రెండో తరగతిలో ఒక పొడవాటి కడ్డీ చివర ఒకసారి ఫిక్స్, ఒకసారి డ్యాష్‌పాట్ పెట్టి తరంగం తిరిగొస్తుందో లేదో చూపించండి. ఫీజు పెంచనక్కర్లేదు. యాస్పెక్ట్ రేషియో, వార్పేజ్, జాకోబియన్ అంటూ మెష్ క్వాలిటీకి కేటాయించిన తరగతుల్లోంచి రెండు తీసుకుంటే సరిపోతుంది.